సంచిలోని రెండు రాళ్లు

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు తూనికరాళ్లను సంచిలో ఉంచుకొనువానిని గూర్చి చదువుచున్నాము. పాత స్విస్ చేతిగడియారముల బేరములో ఆ రెండు రాళ్లు నేటికిని కనబడుచున్నవి. పెట్టె అడుగున తండ్రి గడియారమును దాచుకొనిన విధవరాలితో కొనువాడు, “డయలు మరల రంగు వేసినది, విలువ లేదు” అనును. పట్టణములో దానినే “మొదటి డయలు” అని అమ్మును. కాబట్టి మనమే చూచుట నేర్చుకొందము.

భూతద్దముతో అక్షరములను చూడుడి. కర్మాగారములో చెక్కిన పలకనుండి మెత్తని దిండుతో సిరాను ఎత్తి డయలుపై అద్దుదురు. అంచులు పదునుగా నుండును. మరల వేసినవానిలో తరచుగా అక్షరములు లావెక్కును, నిమిషముల గీతలు గంటల గుర్తులకు ఎదురుపడవు, అడుగున నుండవలసిన ‘స్విస్’ అను మాటయే మాయమగును.

చీకటిలో వెలుగు పూత మరియొక సాక్షి. పూర్వము రేడియం పూసిరి. 1960లలో ట్రిటియం దాని స్థానమునకు వచ్చి, డయలు అడుగున ‘టి’ అక్షరము చేరినది. 1950 నాటి గడియారమని చెప్పి ఆ ‘టి’ గల డయలు చూపినయెడల అది తరువాత వచ్చినదే. రేడియం సగము తరుగుటకు 1,600 సంవత్సరములు పట్టును గాని, దానితో కలిపిన జింకు సల్ఫైడు ఎంతో ముందే చెడి వెలుగు ఆరిపోవును. అట్టి ముసలి డయలు రాత్రియంతయు మెరసినయెడల ఆ పూత క్రొత్తది; డయలంతయు క్రొత్తదని మాత్రము అనరాదు. (ఆ పొడి హానికరము. గీకకుడి, పిల్లలకియ్యకుడి.)

మచ్చలను చూచి మోసపోవద్దు. మచ్చలను కూడ చేయగలరు. ఒక్క గుర్తుతో తీర్పు తీర్చక, అదే రకపు మరియొక గడియారముతో పోల్చవలెను.

రంగు వేయించుట పాపమని మేము చెప్పము. నల్లబడిన డయలును బాగుచేయించుట ఆ దినములలో మర్యాదగల పనియే. యజమానునికి గంట కనబడవలెను గదా! దాచి అమ్ముటయే దొంగరాయి. మన గడియారమునకు రంగు వేయించియున్నయెడల, కొనువాడు అడుగకమునుపే చెప్పుదము.

అమ్మదలచినవారు దానిని తుడిపించక, మెరుగు పెట్టించక, కొనుట యందు ఆశలేని మరమ్మతుదారునికి చూపుడి. డయలు ఊడదీసి వెనుకవైపు చూడుమని అడుగుడి. రంగు వేసినవాడు గీసికొనిన అంకెలు కొన్నిసార్లు అక్కడనే యుండును.