ఎవరికి తగినంత?

మొన్న సంక్రాంతికి ముందు డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ చేసే సర్వపిండి కొలతలు గ్రాముల్లో రాసి పంపవా? ఇక్కడ ఎన్నిసార్లు చేసినా ఆ రుచి వస్తలేదు" అన్నాడు. సరేనని, ఆ ఆదివారం పొద్దున ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాంటా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి అమ్మ పక్కన నిలబడ్డాను.

అమ్మకు ఎనభై దాటాయి. పిండి డబ్బాలో చెయ్యి పెట్టబోతుంటే ఆపి, గిన్నెను కాంటా మీద ఉంచి, "ఇప్పుడు వెయ్యమ్మా" అన్నాను. రెండు గుప్పిళ్ళు వేసింది. అంకె చూసి రాసుకున్నాను. మరో గుప్పెడు వేసింది, మళ్ళీ రాసుకున్నాను. నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన ఎల్లిగడ్డ, సన్నగా తరిగిన ఉల్లాకు, కరివేపాకు, కారం, అన్నీ కాంటా ఎక్కాయి. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అమ్మ చెయ్యి నిలబడిపోయింది. చెంబు పట్టుకుని నా మొహంలోకి చూసింది. "నువ్వు జోకుతుంటె నా చెయ్యికి యాదికొస్తలేదు బిడ్డా" అంది.

ఆ రోజు సర్వపిండి గట్టిగా వచ్చింది. అమ్మ చేతి సర్వపిండి గట్టిగా రావడం నాకు తెలిసి అదే మొదటిసారి. కాగితం మీద అంకెలన్నీ ఉన్నాయి. వాటిని తమ్ముడికి పంపడానికి మనసు రాలేదు.

మర్నాడు కాంటా లోపల దాచి, ఊరికే పీట వేసుకుని కూర్చుని చూశాను. అమ్మ దగ్గర సర్వలు, అంటే పిండి ఒత్తే లోతు గిన్నెలు, రెండున్నాయి. ఒకదానిలో నూనె రాసి, పిండి ముద్దను అడుగు నుంచి అంచుల దాకా వేళ్ళతో పలుచగా ఒత్తి, నడుమ నడుమ వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నాలుగు చుక్కలు నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీదికి ఎక్కిస్తుంది. అది కాలేలోపు రెండో సర్వను బోర్లించి దాని వీపు మీద నీళ్ళు పోసి చల్లారుస్తుంది. వేడి సర్వలో పిండి ఒత్తితే చెయ్యి కాలుతుంది, పిండి ఒక్క తీరుగా పరుచుకోదు, ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా అయి మాడుతుంది. అందుకే రెండు సర్వలు. ఈ సంగతి అమ్మ ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన విషయమని ఆమెకు తోచి ఉండదు. ఫోన్ చేసి తమ్ముణ్ణి అడిగితే, వాడు ఒక్క పెనం మీదే ఒకదాని తర్వాత ఒకటి ఒత్తుతున్నాడట.

ఆ ఒక్క మాటతో వాడి సర్వపిండి బాగుపడింది. నా మనసులో మాత్రం వేరే ముల్లు మిగిలింది.

తెలుగులో వంట రాసేవాళ్ళందరూ వాడే మాట ఒకటుంది: తగినంత. ఉప్పు తగినంత, నీళ్ళు తగినంత, నూనె తగినంత. మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' పుస్తకం ఎన్నో తెలుగు ఇళ్ళలో పెళ్ళికూతురి సామానుతో పాటు వెళ్ళింది. అత్తగారూ అమ్మా దగ్గర లేని ఊళ్ళల్లో, ఉద్యోగాల మీద వెళ్ళిన కొత్త కాపురాలకు అదే పెద్దదిక్కయింది. అలాంటి పుస్తకాలు సోలలకూ తవ్వలకూ అలవాటైన చేతులకు వంటను చదువుకుని నేర్చుకోవడం చూపించాయి. అయినా ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ఎవరి పుస్తకమైనా తగినంత దగ్గరే ఆగుతుంది. చాలాకాలం దాన్ని నేను లోపమనుకున్నాను. కొలత తెలియకనో, చెప్పడానికి బద్ధకించో అలా రాస్తారనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనిపించడం లేదు. తగినంత అనే మాటలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎవరికి తగినంత? ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన వాళ్ళకే ఆ మాట కొలతగా పనికొస్తుంది.

మా చిన్నప్పుడు సర్వపిండిలో పల్లీలు పలుకులుగా ఉండేవి. బాపుకు పళ్ళు కదలడం మొదలయ్యాక అమ్మ వాటిని దంచి వెయ్యసాగింది, తర్వాత మానేసింది. తమ్ముడు కారం ఓర్చుకోలేడని ముందు వాడి కోసం ఒకటి ఒత్తి, ఆ తర్వాతే మిగిలిన పిండిలో కారం కలిపేది. బాపుకు బీపీ వచ్చాక ఇంట్లో అందరికీ ఉప్పు తగ్గింది. బాపు పోయి తొమ్మిదేళ్ళవుతోంది, ఆ తగ్గిన ఉప్పు మళ్ళీ పెరగలేదు. తమ్ముడు అడిగింది బాపు ఉన్నప్పటి సర్వపిండి. ఆ ఆదివారం నేను కాంటా మీద జోకింది బాపు లేని సర్వపిండి. రెంటికీ పేరొకటే.

ఇప్పుడుంటున్న ఈ తూంకుంటకు మేం వచ్చినప్పుడు చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలు. హకీంపేట దాటితే మేడ్చల్ వైపు, శామీర్‌పేట వైపు పందిళ్ళే పందిళ్ళు. అనాబ్-ఎ-షాహీ పళ్ళు, పెద్దవి, లేత తేనె రంగువి. బాపు ఒక తోటలో కూలీల లెక్కలు రాసేవాడు. మాది కరీంనగర్ వైపు పల్లె. ఇప్పుడు రాజీవ్ రహదారి అంటున్న ఈ తోవనే మూటలతో వచ్చాం, ఇక్కడే ఉండిపోయాం. ఇప్పుడా తోటలు లేవు. కాలనీలు, ఫంక్షన్ హాళ్ళు, రిసార్టులు, అవుటర్ రింగ్ రోడ్డెక్కే బండ్లు. మా వీధి చివర ఒక ఖాళీ జాగాకు కంచెగా నాలుగు రాతి కడీలు మాత్రం నిలబడి ఉన్నాయి. అవి ఒకనాటి ద్రాక్షపందిరి కడీలు, పైన తీగ చుట్టిన గాట్లు ఇంకా కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన వాళ్ళకు అవి రాళ్ళు. గ్రాముల్లో రాసుకున్న నా కాగితం చూసినప్పుడల్లా నాకు ఆ కడీలే గుర్తొస్తాయి.

వంట రాసిన కాగితాలంటే ఇంకో సంగతి కూడా గుర్తొస్తుంది. చెక్ దేశంలోని టెరెజీన్ అనే ఊరిలో రెండో ప్రపంచయుద్ధ కాలాన నాజీలు యూదుల్ని బంధించి ఉంచారు. అక్కడ ఆకలితో ఉన్న ఆడవాళ్ళు చిత్తుకాగితాల మీద తమ ఇళ్ళలో చేసుకునే వంటలు రాసుకున్నారు. మీనా పెక్టర్ అనే పెద్దావిడ అలాంటి కాగితాలను కలిపి కుట్టిన పుస్తకాన్ని తన కూతురికి చేర్చమని ఒకరి చేతికిచ్చి, 1944లో అక్కడే కన్నుమూసింది. చేతులు మారి మారి అది న్యూయార్క్‌లో ఉన్న కూతురు అన్నీ స్టెర్న్‌ను చేరడానికి పాతికేళ్ళు పట్టింది. 1996లో 'ఇన్ మెమరీస్ కిచెన్' పేరుతో అచ్చయింది. ఆ వంటల్లో కొన్నిటికి కొలతలు లేవు, కొన్నిటిలో ఒక దినుసే రాయడం మరిచారు. ఆకలి అలా చేసింది. పొయ్యి లేదు, పిండి లేదు, తినిపించడానికి ఎదురుగా బిడ్డ లేదు. అయినా రాశారంటే వాళ్ళ చేతులకు ఎదుట ఒక మనిషి కనబడుతూ ఉండాలి. ఆ పుస్తకం గురించి తెలిసిన రోజు నేను రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. వంట రాసి పెట్టడమంటే ఏమిటో అంతకంటే తేటగా నాకు ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర మస్తానమ్మ ఉండేది. గుంటూరు జిల్లా గుడివాడ అనే పల్లెలో, నూరేళ్ళ వయసులో, పొలం గట్టున రాళ్ళ పొయ్యి పెట్టి వండుతుంటే మునిమనవడు వీడియోలు తీశాడు. 2018 డిసెంబరులో ఆమె పోయేనాటికి లక్షలమంది ఆ వంటలు చూశారు. గోటితో అల్లం పొట్టు తీసే ఆ చేతుల్ని ఏ పుస్తకమూ చూపించలేదు. వీడియో చేసిన మేలు అది, చిన్నది కాదు. నేను కూడా అమ్మ సకినాలు చుట్టడం వీడియో తీశాను. తడిపిండిని వేళ్ళ నడుమ తిప్పుతూ గుడ్డ మీద చుట్టు మీద చుట్టు వేస్తుంటే చూపుడువేలు, బొటనవేలు ఎట్లా కదులుతాయో మాటల్లో రాయడం నా వల్ల కాదు. కానీ వీడియోలో కూడా ఆ సకినం ఎవరి కోసమో కనబడదు.

అందుకని రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. ఎడమ పేజీలో వంట. కుడి పేజీలో తిన్నవాళ్ళు. అమ్మ చెబుతుంటే రాస్తున్నాను. పచ్చిపులుసు కుడి పేజీలో ఇట్లా ఉంది: "బాపు తోట నుంచి ఎండల వచ్చినప్పుడు. ఉల్లిగడ్డ చేత్తోనే పిసకాలె, కత్తి పెట్టొద్దు, కత్తి పెడితే ఆయన తినకపోతుండె. బెల్లం ఇంతంత, పిల్లల కోసం." నువ్వుల సద్ది పేజీలో సద్దుల బతుకమ్మ నాడు మా ఇంటికి వచ్చే పక్కింటి పిల్ల పేరుంది. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్ళీడు బిడ్డలు. చేదుగా ఉందని కాకరకాయ పడేసిన రోజు బాపమ్మ నన్ను కొట్టిన దెబ్బ కూడా ఒక పేజీలో ఉంది. అమ్మ దాన్ని రాయమంది. "అది గుడ రాయి, అప్పటి సంది చింతపులుసుల ఉడికిచ్చి చేస్తున్న" అంది. మా ఇంట్లో కాకరకాయ కూర అట్లా చెయ్యడానికి కారణం ఆ దెబ్బేనని నలభై ఏళ్ళ తర్వాత తెలిసింది.

తమ్ముడి పిల్లలు ఈ పుస్తకం చూసి కొట్టివేతలు చేస్తారని నాకు తెలుసు. వాళ్ళ ఇంట్లో సర్వపిండిలోకి అక్కడ దొరికే ఆకులేవో పడతాయి. పడనీ. కుడి పేజీలో వాళ్ళ పేర్లు కూడా చేరితే చాలు. అమ్మ కూడా వాళ్ళ అమ్మ వంటను అట్లాగే కొట్టివేసి, మా పేర్లు రాసుకుంది.

పెత్రమాస దగ్గరికి వచ్చింది. మా వైపు ఆ అమావాస్య నాడు పొద్దున పోయినవాళ్ళకు పెట్టుకుంటారు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పోయినవాళ్ళకు ఏది ఇష్టమో అదే వండాలి. ఆ వారంలో ప్రతి ఇంటా ఒకటే మాట: "ఆయన ఏం తింటుండె?" వంటపుస్తకాలు పుట్టకముందు నుంచీ మన ఇళ్ళలో నడుస్తున్న జాబితా అది. రాతలో లేదు, ఏడాదికొకసారి నోటితో చదువుకుంటారు. బాపుకు బోటికూర, పచ్చిపులుసు. బాపమ్మకు గారెలు, బెల్లం పాకంలో ముంచి. ఈసారి నోట్‌బుక్ తిరగేస్తూ సామాను రాసుకుంటుంటే ఒక సంగతి తట్టింది. కుడి పేజీల్లో అందరూ ఉన్నారు. అమ్మ పేరు ఒక్కచోటా లేదు.

అడగడానికి రెండు రోజులు పట్టింది. బతికున్న మనిషిని ఆ ప్రశ్న అడగడం తేలిక కాదు. చివరికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మామూలుగా అడిగినట్టే అడిగాను: "అమ్మా, నీకేది ఇష్టం?"

"నాదేముంది, మీరు తిన్నదే" అంది. కాసేపు ఊరుకుంది. చిక్కుడుకాయలు అయిపోవచ్చాయి. అప్పుడు అంది: "మక్క గటక. మా అవ్వ చేస్తుండె. ఎల్లిగడ్డ కారం పెట్టుకుని, చల్ల పోసుకుని."

నేను పుట్టి యాభై ఏళ్ళు దాటాయి. మా ఇంట్లో గటక ఒక్కసారి కూడా వండలేదు. నా పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో గటక సంగతి వస్తే అమ్మ మాట మార్చడం గుర్తుంది. అమ్మ చిన్నతనంలో వాళ్ళ వైపు బియ్యం పండగలకే. మిగతా రోజులు మక్కలు, జొన్నలు. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు పునాదిరాయి పడింది. ఆ తర్వాత కాకతీయ కాలువ నీళ్ళు వచ్చాయి, వరి వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాయి. పేదింట్లో కూడా తెల్లన్నం ఉడికింది. అది పెద్ద మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు కోపం. కానీ తెల్లన్నం వచ్చాక గటక తిన్నామని చెప్పుకోవడం సిగ్గయిపోయింది. మనం రాసి దాచుకునేవి సకినాలు, అరిసెలు, గారెలు, పండగ వంటలు. ఆకలి రోజుల వంటల్ని ఎవరూ పిల్లలకు అప్పజెప్పరు. అమ్మ కూడా తనకు ఇష్టమైనదాన్ని మా నుంచి దాచింది, మాకు ఆ లేమి అంటకూడదని. జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు పాతపంటల విత్తనాల్ని బండ్లకెత్తి ఊరూరా జాతర చేస్తారు. వాళ్ళు ఆ జొన్నల్నీ సజ్జల్నీ తలెత్తుకుని చూపిస్తారు. మా అమ్మకు ఆ బలం ఇచ్చిన వాళ్ళెవరూ లేకపోయారు. నేనూ ఇవ్వలేదు.

మర్నాడు గిర్నికి వెళ్ళి మక్కలు రవ్వ పట్టించుకుని వచ్చాను. అమ్మ కుర్చీ పొయ్యి దగ్గరికి జరిపాను. నీళ్ళు మసలినాక ఉప్పు వేసి, ఒక చేత్తో రవ్వ పోస్తూ ఇంకో చేత్తో తెడ్డు తిప్పమంది. ఉండలు కట్టింది. "గట్టిగ తిప్పు" అంది. తిప్పాను. బుడగలు పగిలి చేతి మీద చిట్లాయి. మంట తగ్గించమంది. మక్కలు ఉడికే వాసన వంటిల్లంతా నిండింది, అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఉడికిందనుకుని తెడ్డు పైకి లేపి చూపించాను. వంగి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఇంకింత నీళ్ళు పొయ్యి బిడ్డా. మా అవ్వ గట్టిగనే చేస్తుండె. నాకిప్పుడు పండ్లు లెవ్వు గద."

ఇంకో చెంబెడు పోశాను.