తెర చూపును, గురువు చూడవలెను

చిత్తూరు నుండి గుడియాత్తం పోవు మార్గమున, రాష్ట్రపు సరిహద్దునకు చేరువనున్న ఊరు పరదరామి. ఇచ్చట పెక్కు ఇండ్లలో మాట తెలుగు. బడిలోనో, 2006 నాటి చట్టముతో ఒకటవ తరగతి మొదలు తమిళము నిర్బంధ పాఠ్యమైనది.

ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న మా మనుమరాలు ఒకనాడు నన్నిట్లడిగినది. "తాతా, తెరమీద కథ చూపించాను. పిల్లలంతా రెప్ప వేయకుండా చూశారు. తరువాత అడిగితే, ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్ల ఒకతె నోరు విప్పలేదు. తప్పు నాదా, యంత్రానిదా?"

యంత్రమును నిందించుట సులభము. కాని పలకయు ఒకనాడు క్రొత్త సాధనమే. 2019లో తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన కల్వి టెలివిజన్, 2020లో బడులు మూతపడినపుడు పాఠములను ఇండ్లకు చేర్చినది. ఆ మేలు మరువరాదు. అయినను తెర అందరికిని ఒకే మాట చెప్పును. ఎవరికి బోధపడలేదో ఎరుగదు. రెప్ప వేయక చూచుట వేరు, గ్రహించుట వేరు. ఆ భేదము నెరుగుట గురువు ధర్మము.

"అమ్మా, నీవును వారితోపాటు తెరనే చూచితివి. ఈసారి ప్రక్కన నిలిచి వారి ముఖములు చూడుము" అంటిని.

మరునాడామె కథను నడుమ నిలిపి, "నరి అంటే మన నక్క" అని చెప్పినదట. ఆ పిల్ల సగము తెలుగున, సగము తమిళమున కథ యంతయు వినిపించినదట.

సాధనమును ప్రభుత్వ మీయగలదు. ఎవరికొరకు, ఎచ్చట దానిని నిలుపవలెనో తెలిసికొను బాధ్యత మాత్రము ఉపాధ్యాయునిదే.