బాల్కనీ నాది, గాలి ఎవరిది?

పొగ త్రాగడం ఆరోగ్యానికి హానికరమని చెప్పడానికి ఈ వారం కలం పట్టలేదు. ఆ మాట సిగరెట్టు పెట్టె మీదే అచ్చయి ఉంది. చదివినవారూ త్రాగుతూనే ఉన్నారు. నేను మీ ముందుంచదలచినది మరొక ప్రశ్న. ఒకడు వదిలిన పొగ పక్కవాడి ముక్కులోకి పోతున్నప్పుడు ఆ ఇద్దరి మధ్య న్యాయం చెప్పవలసింది ఎవరు? ప్రభుత్వమా? టిక్కెట్టు అమ్మిన కంపెనీయా? లేక వారిద్దరే తేల్చుకోవాలా?

ఈ ప్రశ్న నా దాకా ఓడల మీదుగా వచ్చింది. నవ్వకండి. చెరువుకు నీళ్లొస్తేనే పండుగ చేసుకునే అనంతపురం సీమలో ఓడల మాటేమిటని మీరు అనవచ్చు. కాని పిల్లలు అమెరికాలోనో గల్ఫ్ దేశాల్లోనో ఉన్న కుటుంబాలు మన విచారణల్లోనూ ఉన్నాయి. పెళ్లయి యాభై ఏళ్లు నిండిన అమ్మానాన్నలను విహార నౌక ఎక్కించాలని ముచ్చటపడే కొడుకులున్నారు. అంత దూరం పోనక్కరలేదు. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ వారి ఎంప్రెస్ నౌక మన విశాఖ రేవుకే వచ్చి, పుదుచ్చేరికి, చెన్నైకి జనాన్ని ఎక్కించుకుపోయింది.

ఒక ఇల్లు ఊహించుకోండి. తండ్రికి సిగరెట్టు లేనిదే తెల్లవారదు. తల్లికి ఆ వాసనే పడదు. బాల్కనీలో త్రాగనిచ్చే ఓడ చూడరా అని ఆయన, త్రాగనివ్వని ఓడ చూడు నాయనా అని ఆమె. కొడుకు తీయవలసింది ఒకే గది. ఏ ఓడకు టిక్కెట్టు కొనాలి?

ఈ నౌకల్లో మంచి గదులకు సముద్రం వైపు చిన్న వసారా వంటిది ఉంటుంది. అదే బాల్కనీ. గదికి గదికి మధ్య పలుచని అడ్డు, కింద మరొకరి బాల్కనీ, పైన ఇంకొకరిది. ఒకప్పుడు చాలా కంపెనీలు అక్కడ త్రాగనిచ్చేవి. 2006 మార్చి 23న జమైకా సమీపంలో పోతున్న స్టార్ ప్రిన్సెస్ అనే నౌకకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. ప్రయాణికులు, సిబ్బంది కలిసి 3,800 మందికి పైగా ఉన్న ఓడ. బాల్కనీల మధ్యనున్న ప్లాస్టిక్ అడ్డుల వెంట మంట పాకింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. 79 గదులు పనికిరాకుండా పోయాయి. ఎవరో పడేసిన సిగరెట్టు ముక్కే చాలావరకు కారణమై ఉంటుందని బ్రిటన్ దర్యాప్తు అధికారులు తేల్చారు. ఆ తరువాత కంపెనీలు ఒక్కొక్కటిగా మారాయి. ప్రిన్సెస్ వారు 2012లోను, రాయల్ కరీబియన్, కార్నివాల్, నార్వేజియన్ వారు 2014లోను బాల్కనీల్లో పొగ మాన్పించారు. ఐరోపా కంపెనీలు కొన్ని మాత్రం ఇంకా చాలా కాలం అనుమతిస్తూ వచ్చాయి. దానితో ప్రయాణికులు రెండు జట్లయ్యారు. "అక్కడ త్రాగనివ్వరట, ఇంకో ఓడ చూద్దాం" అనేవారు కొందరు, "త్రాగనిస్తారట, మనకొద్దు" అనేవారు కొందరు.

త్రాగేవాడి వాదన తేలికగా తీసిపారేయతగినది కాదు. "డబ్బు కట్టింది నేను. బాల్కనీ నాది. గదిలో కాదు గదా, ఆరుబయట త్రాగుతున్నాను. నా ఆరోగ్యం నా ఇష్టం." ఈ వాదన మన రైతు సోదరులకు కొత్తది కాదు. "నా చేను, నా బోరు, ఎంత లోతుకైనా వేసుకుంటాను" అన్న మాట మన పల్లెల్లో ఎన్ని పంచాయితీలకు దారితీసిందో మీకు తెలుసు. చేను అతనిదే, కాదనేవాడు లేడు. కాని అడుగున ఉన్న నీటికి గట్టు తెలియదు. ఇక్కడ 600 అడుగులు దించితే అవతలి చేనులో 300 అడుగుల బోరు గాలి కొడుతుంది. అందుకే 2002లో మన రాష్ట్రంలో వాల్టా చట్టం తెచ్చి బోరుకు బోరుకు మధ్య దూరం ఉండాలన్నారు. పొగ కూడా ఆ నీటి వంటిదే. బాల్కనీకి హద్దులున్నాయి. గాలికి లేవు. పైగా అది నడుస్తున్న ఓడ, ఎప్పుడూ గాలే.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అక్వినాసు తోమాసు గారి గ్రంథంలో చట్టాల భాగం మాకు పాఠంగా ఉండేది. 13వ శతాబ్దపు మనిషి గదా, ప్రతి తప్పునూ చట్టంతో అణచమంటాడని అనుకుంటాం. ఆయన అలా అనలేదు. మనుషుల చట్టం సర్వ దుర్గుణాలనూ నిషేధించలేదు, నిషేధించనూ కూడదు, ముఖ్యంగా ఇతరులకు కీడు చేసేవాటినే అది పట్టుకోవాలి అన్నాడు. ఆరు వందల ఏళ్ల తరువాత, 1859లో, ఇంగ్లండులో జాన్ స్టువర్ట్ మిల్ వేరే దారిన నడిచి దాదాపు ఆ గుమ్మం దగ్గరికే వచ్చాడు. ఒకరు మఠవాసి, ఒకరు గుడి ముఖం చూడనివాడు. ఇద్దరూ ఒప్పుకున్న సంగతిలో ఏదో గట్టితనం ఉండాలి. త్రాగేవాడి ఊపిరితిత్తులు అతని మనస్సాక్షికి, అతని ఇల్లాలికి, అతని వైద్యునికి సంబంధించినవి. పక్క బాల్కనీలో కూర్చున్న ఆస్తమా మనిషి ఊపిరి మాత్రం అందరికీ సంబంధించినది.

కనుక ఆ కొడుక్కు నా జవాబు సూటిగానే ఉంటుంది. బాల్కనీలో త్రాగనివ్వని ఓడే తీసుకో. ఆ ఓడల్లో సైతం పై అంతస్తున త్రాగడానికి ఒక చోటు చూపిస్తారు. నాన్నగారికి కలిగే కష్టం పది నిమిషాల నడక. అమ్మగారికైతే తన మంచం విడిచి పోవడానికి చోటు లేదు. నడవగలిగినవాడినే నడవమనడం అన్యాయం కాదు.

ఇంతవరకు సులువు. "ఎవరికి కావలసిన ఓడ వారు ఎంచుకుంటారు, ఇక గొడవెక్కడిది?" అని వ్యాపారస్థుడు అంటాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కార్నివాల్ కంపెనీ 1998లో పారడైజ్ అనే నౌకను అసలు పొగే లేని ఓడగా దింపింది. త్రాగుతూ పట్టుబడితే 250 డాలర్ల జరిమానా, తరువాతి రేవులో దింపివేత. 2004లో ఆ నియమాన్ని ఎత్తివేశారు. ఆ ఓడ ఎక్కేవారు బారులోను, జూదశాలలోను పెద్దగా ఖర్చు పెట్టడం లేదని కంపెనీ పెద్దలే చెప్పుకున్నారు. వ్యాపారం తీర్చే న్యాయం అంతవరకే వస్తుంది. అది మీ ఊపిరిని చూడదు, మీ పర్సును చూస్తుంది. రెండు పక్షాలూ టిక్కెట్టు కొనగలిగినవారైతే ఫరవాలేదు. మరి ఆ బాల్కనీ ఊడ్చి బూడిద పళ్లెం ఎత్తే కుర్రవాడు ఏ ఓడ ఎంచుకున్నాడు? మన దేశం నుంచీ, ఫిలిప్పీన్స్ నుంచీ పోయి ఆ కొలువులు చేసే బిడ్డలు ఎందరో ఉన్నారు. వారికి ఉద్యోగం దొరికిన ఓడే ఓడ.

ఇప్పుడు మన రైలు దగ్గరికి వద్దాం. మనలో ఎక్కువమందికి తెలిసిన బాల్కనీ రైలు పెట్టె తలుపు. కరువు ఏడు వస్తే మన పల్లెలు ఆ తలుపులోనుంచే బెంగళూరుకు పోతాయి, తిరిగి వస్తాయి. జనరల్ పెట్టెలో ఆ తలుపు దగ్గర నిలబడి బీడీ వెలిగించినవాడు కూడా "బయటికే గదా వదులుతున్నాను" అంటాడు. బండి వేగం ఆ పొగనంతా లోపలికే తోస్తుంది. తలుపు పక్కన కింద కూర్చునేది ఎవరో చూశారు గదా. సీటు దొరకని తల్లులు, ఒళ్లో పసిపిల్లలు.

1989 రైల్వే చట్టంలో 167వ సెక్షను ఒకటి ఉంది. పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ త్రాగరాదు అని దాని మొదటి మాట. రైల్వేవారు తమంత తాముగా నిషేధించవచ్చునన్నది రెండవ మాట. జరిమానా 100 రూపాయల వరకు. ఆ మొదటి మాట దగ్గర కాస్త ఆగండి. ఎవరో ఒకరు నోరు తెరిస్తేనే తప్పు తప్పవుతుంది! ఎవరు తెరవాలి? ఇరవై ఏళ్ల కోడలు, నలుగురు మగవాళ్లు వరుసగా నిలబడిన తలుపు దగ్గర? పక్కన కూర్చున్న మామగారి చేతిలోనే బీడీ ఉంటే? అందరికంటె నోరు లేనివారి మీద అభ్యంతరం చెప్పే బరువు పెట్టిన నియమం అది. చట్టం వ్రాసినవారు దుర్మార్గులని కాదు. వారు ఊహించుకున్న ప్రయాణికుడు బహుశా మొదటి తరగతిలో ఇంగ్లీషు పత్రిక చదువుకుంటున్న పెద్దమనిషి.

ఆ బరువును 2001 నవంబర్ 2న సుప్రీంకోర్టు దించింది. మురళీ దేవరా గారి వ్యాజ్యంలో బస్సులు, రైళ్లు, ఆస్పత్రులు వంటి చోట్ల పొగ త్రాగడాన్ని దేశమంతటా నిషేధించమంది. త్రాగనివాడికి ఇష్టం లేకుండా పొగ పట్టించడం వాడి జీవించే హక్కును హరించడమే అన్నది అందులోని సారం. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 అక్టోబర్ 2 నుంచి నియమాలు గట్టిపడ్డాయి. ఇక ఎవరూ అభ్యంతరం చెప్పనక్కరలేదు, త్రాగడమే తప్పు. జరిమానా 200 వరకు. ఇది గొప్ప మార్పు. అయినా మనవాళ్లు దానిని పట్టించుకున్నది తక్కువ.

ఒక రైలుకు మాత్రం ఆ నియమం బాగా వంటబట్టింది. 2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాదు పోతున్న వందే భారత్‌లో టిక్కెట్టు లేకుండా ఎక్కినవాడొకడు మరుగుదొడ్డిలో దూరి సిగరెట్టు వెలిగించాడు. యంత్రం పసిగట్టింది, గంట మోగింది, మంటలార్పే పొడి చిమ్మింది. బండి నెల్లూరు జిల్లా మనుబోలు దగ్గర ఆగిపోయింది. అక్కడ జనం తరఫున యంత్రమే అభ్యంతరం చెప్పింది. ఆ మరుసటి నెలలో కాచిగూడ, యశ్వంతపూర్ల మధ్య నడిచే వందే భారత్ మన అనంతపురం, ధర్మవరం స్టేషన్లకూ వచ్చింది. ఒకే పట్టాల మీద రెండు రైళ్లు. ఒకదానిలో పొగకు గంట మోగుతుంది, మరొకదానిలో పసిబిడ్డ దగ్గుతుంది. టిక్కెట్టు ధరలో ఊపిరి ధర కూడా కలిసిపోయింది. మూసిన పెట్టెలో పొగ నిండితే ఎలా ఉంటుందో మన జిల్లాకు వేరే చెప్పాలా? 2013 డిసెంబర్ 28 తెల్లవారుజామున కొత్తచెరువు దగ్గర నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ పెట్టెలో 26 మంది పోయారు. ఆ ప్రమాదాన్ని సిగరెట్టుకు ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. నిప్పును మనం ఎంత తేలికగా పెట్టెలోకి తెచ్చుకుంటామో తలచుకుంటే భయం వేస్తుంది, అంతే.

ఓడను ఎంచుకునేవాడికి నియమం ఒక సౌకర్యం. ఎంచుకోలేనివాడికి అదే కాపుదల. నియమం బాగుందో లేదో తెలియాలంటే ఈ రెండవవాడినే అడగాలని నా అభిప్రాయం. యంత్రం లేని పెట్టెలో ఆ మాట మనుషులే చెప్పాలి. అదీ పిల్లతల్లి కాదు, ఆమె పక్కన సీట్లో సుఖంగా కూర్చున్నవాడు. "మనకెందుకులే" అని కిటికీలోంచి చూసేవాడు ఆ పొగలో పాలుపంచుకున్నట్టే.

ఒకసారి బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వచ్చే సాయంకాలపు బండిలో ఉన్నాను. హిందూపురం దాటాక తలుపు దగ్గర బీడీ వెలిగింది. ఒక ముసలమ్మ లేచింది. "ఏమబ్బా, పాపకు దగ్గొస్తాండాది, రోంత ఆర్పు నాయనా" అంది. నేనూ గొంతు కలిపాను. అతడు నలభై ఏళ్ల మేస్త్రీ. వాదించలేదు. చెప్పు కింద వేసి నలిపేశాడు. తరువాత నా పక్కకే వచ్చి కూర్చున్నాడు.

"ఆర్పితి గదా సామీ. తప్పే. కాని ఒగ మాట అడుగుతా. మొన్న పెద్ద హోటలు పనిలో సిగరెట్లు తాగేదానికని అద్దాల రూము కట్టినాం. నా చేతుల్తోనే కట్టినా. వాళ్లకు రూము. కూలోడు యాడ తాగల్ల?"

అతడన్నది నిజమే. ముప్పై గదులున్న హోటలుకు, ముప్పై మంది కూర్చునే భోజనశాలకు, విమానాశ్రయానికి పొగ త్రాగే చోటు విడిగా పెట్టుకోవచ్చునని 2003 చట్టమే వెసులుబాటు ఇచ్చింది. రైలు పెట్టెకు ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. పసిబిడ్డ ఉన్న పెట్టెలో అతనికి చోటు చూపమని నేనడగను. మానుకో అని చెప్పడం తేలిక, చెప్పాను కూడా. నాలుగు నెలలు ఇసుక తట్టలు మోసి ఇంటికి పోతున్నవాడికి ఆ మాట ఎంతవరకు ఎక్కిందో ఆ నవ్వులో తెలిసిపోయింది. మానాలనుకునే కూలీకి మందు ఇచ్చి, పక్కన కూర్చుని మాట్లాడేవారు అతని పల్లెలో ఎవరున్నారు?

ధర్మవరంలో బండి చాలాసేపు ఆగింది. అతడు దిగాడు. ప్లాట్‌ఫారం మీదా చట్టం అదే, జరిమానా అదే. జనాన్ని దాటుకుని, చివరి దీపస్తంభం కూడా దాటిపోయి, గాలి ఎటు వీస్తున్నదో ఒకసారి చూసుకుని, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.