ఊరికే

తెలుగులో 'ఊరికే' అనే మాటకి కనీసం మూడు అర్థాలున్నాయి. డబ్బు తీసుకోకుండా ఇస్తే ఊరికే ఇచ్చినట్టు. ఏ పనీ పెట్టుకోకుండా వస్తే ఊరికే వచ్చినట్టు. ఏమీ చేయకుండా కూర్చుంటే ఊరికే ఉన్నట్టు. వెల లేకపోవడం, కారణం లేకపోవడం, పని లేకపోవడం - ఈ మూడింటినీ మన భాష ఒకే మాటలో మూటగట్టింది. మా వైపు దీన్నే 'ఊకె' అంటారు, 'ఊకనే' అంటారు. దీనికి సంస్కృతం నుంచి వచ్చిన పెద్దింటి బంధువు 'ఉచితం'. ఆ మాటకి అసలు అర్థం 'తగినది' అని. పదకొండో శతాబ్దంలో కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమేనంటూ 'ఔచిత్య విచార చర్చ' రాశాడు. ఇవాళ బస్సుల్లో ఉచితం అన్న మాట వినేవాళ్లకి క్షేమేంద్రుడు గుర్తు రాకపోవచ్చు. కానీ ఆ బస్సుల్లో జరుగుతున్న చర్చ కూడా ఔచిత్య విచారమే: ఈ ఉచితం ఉచితమేనా?

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలోనూ ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. స్త్రీలతో పాటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకీ ఇది వర్తిస్తుంది. ఆ టికెట్ ఖరీదు ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూడా 'స్త్రీశక్తి' పేరుతో ఇలాంటి పథకమే మొదలైంది.

మొన్న వేసవిలో నేను ఇల్లు మారాను. విద్యానగర్ నుంచి చందానగర్‌కి. పదకొండేళ్లలో ఇది నాలుగో ఇల్లు. అద్దె కొంచెం తగ్గింది, దూరం బాగా పెరిగింది. మియాపూర్ నుంచి మెట్రో ఉంది గానీ, ఏడాదికోసారి పొడిగించే ప్రాజెక్టు ఉద్యోగంలో నెలాఖరు లెక్కలు చూసుకుంటే కాళ్లు 218 బస్సు వైపే నడుస్తాయి. కోఠికి వెళ్లి రావడానికి రోజుకి మూడు గంటలు. ఆ మూడు గంటల్లో నా చెవిన అందరికంటే ఎక్కువగా పడే మాట: "పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు." అనేది వెనక నిలబడ్డ మగవాళ్లే అనుకోనక్కర్లేదు. ముందు సీట్లో కూర్చున్న ఆడవాళ్లూ అంటారు, తమని మినహాయించుకుని.

ఈ మాటకి మనం సాధారణంగా రెండు జవాబులు చెబుతాం. మొదటిది లెక్క. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికోసం రోజుకి 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. 2024 సర్వేలో ఆడవాళ్ల నిమిషాలు 289కి తగ్గాయి. మగవాళ్లవీ 88కి తగ్గాయి! రోజుకి దాదాపు ఐదు గంటలు ఊరికే పనిచేసే మనిషిని 'ఇంట్లో ఊరికే ఉంటుంది' అనే సమాజం, ఆమె ఒక్క టికెట్ ఊరికే తీసుకుంటే లెక్కలడుగుతుందా? ఊరికే తింటున్నది ఎవరు?

రెండో జవాబు ప్రయోజనం. ఆడవాళ్లు ఊరికే తిరగడం లేదు, ఆసుపత్రికి వెళ్తున్నారు, కాలేజీకి వెళ్తున్నారు, కాస్త దూరమైనా మెరుగైన కూలి దొరికే చోటికి వెళ్తున్నారు అని. పొద్దున ఏడింటికి నా బస్సు ఎక్కేవాళ్లని చూస్తే ఇది కళ్లకి కనబడే సత్యం. టిఫిన్ డబ్బాల సంచులు, ఆసుపత్రి ఫైళ్లు, ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు, బట్టల దుకాణాల్లో పనిచేసే పిల్లలు.

రెండు జవాబులూ నిజమే. రెండింటినీ నేను వాడతాను, ఇక ముందూ వాడతాను. అయినా వాటిలో ఒక మెలిక ఉంది. మొదటి జవాబు ప్రకారం జీరో టికెట్ వంటింటి చాకిరీకి ఆలస్యంగా అందిన కూలి. అలాగైతే వండని మనిషికి, వండే ఓపిక లేని ముసలావిడకి, మనసు బాగోలేక పొయ్యి వెలిగించని రోజున మనలో ఎవరికైనా ఆ టికెట్ మీద హక్కు లేదనే కదా. రెండో జవాబు ప్రకారం అది ఒక పెట్టుబడి. అలాగైతే ఫలితం చూపించలేని ప్రయాణం దుబారా. రెండు జవాబులూ 'ఊరికే తిరగడం' తప్పేనని ముందే ఒప్పేసుకుని, మేం అలాంటివాళ్లం కాదని సంజాయిషీ ఇస్తున్నాయి. నన్ను తొలిచే ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. నిజంగానే పనేమీ లేకుండా, ఊరికే, బస్సెక్కే ఆడమనిషి వైపు నుంచి చెప్పడానికి మన దగ్గర ఏమైనా ఉందా?

అలాంటి మనిషి ఒకరు నాకు బాగా తెలుసు. మా అమ్మ. అరవై రెండేళ్లు, హనుమకొండలో ఉంటుంది. పథకం మొదలైన కొత్తలో ఒకరోజు పొద్దున బస్సెక్కి జనగామలో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. ముందు ఫోనైనా చేయలేదు. తలుపు తీసిన పెద్దమ్మ ముఖంలో రంగు మారిందట. "ఏమైందే? ఏమన్న పనుండి వచ్చినవా?" అమ్మ, "పనేం లేదక్కా, ఊకనే వచ్చిన" అంది. ఇద్దరూ మధ్యాహ్నం పచ్చిపులుసుతో అన్నం తిన్నారు, కాసేపు పడుకున్నారు. సాయంత్రం బస్సుకి తిరిగొచ్చింది. అంతే. పెళ్లి, చావు, పురుడు, అప్పు - ఈ నాలుగింటిలో ఏదీ లేకుండా తన అక్క ఇంటికి వెళ్లడం నలభై ఏళ్లలో అదే మొదటిసారి అని చెబుతూ ఫోన్లో నవ్వింది.

టికెట్ డబ్బులకి ఇబ్బంది పడే ఇల్లు కాదు మాది. నాన్న అడిగితే ఇచ్చేవాడు. కాకపోతే ఆ నోటుతో పాటు "ఎక్కడికి? ఎందుకు?" అనే ప్రశ్న కూడా వచ్చేది. ఆయన దాన్ని ఆరా అనుకోలేదు, మామూలు మాట అనుకున్నాడు. అడగాల్సి రావడమే అమ్మకి భారం. చెప్పదగిన కారణం ఉన్నప్పుడే అడిగేది, లేనప్పుడు ఆ కోరికనే కొంగున ముడేసుకునేది. ఛార్జీ సున్నా అయ్యేసరికి దాని వెనకాలే నడిచొచ్చే ప్రశ్న కూడా రాలిపోయింది. ప్రభుత్వం మాఫీ చేసింది కొన్ని పదుల రూపాయలు. అమ్మకి మాఫీ అయింది సంజాయిషీ. ఈ రెండోదాన్ని ఏ బడ్జెట్ పుస్తకంలో ఏ పద్దు కింద రాస్తారు?

ఒక విషయం గమనించాలి. ఊరికే పొందడం నైతికంగా అంత లోకువైన పనే అయితే, మన సమాజంలో అన్నింటికంటే పెద్ద ఉచిత పథకం వారసత్వం. కొడుకులు ఏం చేసి సంపాదించారని తాతల పొలాలు వాళ్లకొచ్చాయి? పుట్టారు, అంతే. ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకి కూడా పుట్టుకతోనే సమాన హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకి మాత్రం వర్తించలేదు. అమ్మ పెళ్లి 1982లో జరిగింది. 2005లో కేంద్రం దేశమంతటికీ అలాంటి సవరణే తెచ్చి పెళ్లయినవాళ్లనీ కలుపుకుంది గానీ, 2004 డిసెంబరు 20కి ముందే పూర్తయిన పంపకాల జోలికి వెళ్లలేదు. మా తాతగారి పొలం పంపకం 1998లో రిజిస్టరు అయిపోయింది. రెండు చట్టాలూ అమ్మకి చెరో పక్క నుంచి వెళ్లిపోయాయి. మామయ్యలకి ఊరికే వచ్చిన ఎకరాల గురించి ఎవరూ 'ఉచితాల సంస్కృతి' అనలేదు. అమ్మ చేతికి అరవయ్యో ఏట ఊరికే వచ్చింది ఒక బస్సు టికెట్. దాని మీద టీవీల్లో గంటల తరబడి చర్చలు.

ఇళ్ల సంగతీ అంతే. నాలుగిళ్లు మారిన అనుభవంతో చెబుతున్నాను, ఒంటరి ఆడదానికి ఇల్లు అద్దెకివ్వడమంటే ఆమెని ఇంటర్వ్యూ చేయడం. ఒక్కరే ఎందుకుంటారు? ఒక్కరికి రెండు గదులెందుకు? ఎవరెవరొస్తారు, ఎందుకొస్తారు? ఇంట్లో ఏం వండుతారు? ఈ చివరి ప్రశ్న వంట గురించి కాదని అడిగేవాళ్లకీ తెలుసు, జవాబు చెప్పేవాళ్లకీ తెలుసు. కులం అడగడానికి మొహమాటపడేవాళ్లు కూర పేరు అడుగుతారు. 2005 నాటి గృహహింస చట్టంలో పదిహేడో సెక్షన్ ఎప్పుడు చదివినా నాకు అందులో ఒక అరుదైన ఉదారత కనిపిస్తుంది. ఇంటి మీద తన పేరున కాగితమున్నా లేకపోయినా, కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉందంటుందది. నువ్వు ఈ ఇంటికి ఎంత పెట్టావు అని అడగదు. ఉంటున్నావు కాబట్టి ఉండొచ్చు అంటుంది.

అయితే ఈ వాదాన్ని ఇక్కడే ఆపేస్తే అది నాకు సుఖంగా ఉండే వాదం అవుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో మూడిళ్లలో వంట చేసే ఆవిడది శ్రీకాకుళం జిల్లా. పన్నెండేళ్లుగా ఈ నగరానికి వండిపెడుతోంది. ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామాయే ఉంది. మార్చుకోవాలంటే అద్దె ఒప్పందం కావాలి, ఆమె ఉండే రేకుల గదికి అలాంటి కాగితం రాసిచ్చేవాళ్లు లేరు. పండక్కి సొంతూరు వెళ్తే అక్కడి బస్సులో ఊరికే తిరుగుతుంది. ఇక్కడ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పనికి వెళ్లాలంటే డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుంటుంది. నేను నాలుగిళ్లు మారి నాలుగుసార్లు కాగితం చూపించగలిగాను. ఊరికే అన్న మాట నా దగ్గరికి వచ్చి ఆగి, ఆమె దగ్గరికి వెళ్లకపోవడానికి కారణం ఆ కాగితమే. ఇక 2023 డిసెంబరులోనే రోడ్డెక్కిన ఆటో డ్రైవర్ల ఇళ్లలోనూ ఆడవాళ్లున్నారు. సరిపడా బస్సులు లేక మెట్ల మీద వేలాడేవాళ్లున్నారు, ఆ రద్దీలో రోజంతా నిలబడి పనిచేసే మహిళా కండక్టర్లున్నారు. ఊరికే ఇచ్చిన ప్రతిదాని ఖర్చూ ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ ఖర్చు ఎవరి మీద పడాలి అన్నది రాజకీయ ప్రశ్న, దాన్ని గట్టిగానే అడగాలి. కానీ అది, ఊరికే తీసుకున్న ఆడమనిషిని "ఎందుకెక్కావు" అని అడగడానికి అనుమతిపత్రం కాదు.

మన సాహిత్యం వంటింటి గురించి చాలా చెప్పింది. విమల 'వంటిల్లు' కవిత, ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి గురించి పి. సత్యవతి రాసిన కథ, ఈ పత్రిక చదివేవాళ్లకి నేను పరిచయం చేయనక్కర్లేదు. కనిపించని చాకిరీని కనిపించేలా చేయడం ఆ తరం చేసిన గొప్ప పని. అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' మాత్రం ఇంకొంచెం పక్కకి జరిగి, కంటినిండా నిద్ర కోసం ఆరాటపడే స్త్రీని చూపించింది. చాకిరీ గురించి మనం చాలా రాశాం. చాకిరీ లేని వేళ గురించి తక్కువ రాశాం. ఆ వేళని కూడా వెంటనే దేనికో ఒకదానికి కేటాయించేస్తాం: చదువుకి, రాతకి, ఉద్యమానికి, ఆరోగ్యానికి.

ఇల్లు మారేటప్పుడు చివర సర్దేదీ ముందు విప్పేదీ వంటింటి సామానే. సాయానికి వచ్చిన అమ్మ పాలు పొంగించి, పోపుల డబ్బా వెతికి, అట్టపెట్టెల మధ్యే చింతచిగురు పప్పు వండింది. మర్నాడు వద్దంటున్నా సర్వపిండి కాల్చింది. "కాసేపు ఊరికే కూర్చోమ్మా" అంటే, "ఊకె కూసుంటే కాళ్లు చేతులు గుంజుతయి బిడ్డా" అంది. జనగామకి ఊకనే వెళ్లగలిగిన మనిషే నా ఇంట్లో ఊకనే కూర్చోలేకపోయింది. బస్సులో ఆమె ఎవరికీ ఏమీ కాదు. ఇంట్లో మాత్రం ఎవరో ఒకరికి ఏదో ఒకటి. జీరో టికెట్ ఇంటి గుమ్మం దాకానే చెల్లుతుంది. గుమ్మం లోపల ఊరికే ఉండే హక్కుని ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు, అది కూతుళ్లూ కొడుకులూ భర్తలూ కలిసి, పొయ్యి దగ్గర తమ వంతు నిలబడి, ఇవ్వాల్సింది.

మగవాళ్లు మన ఊళ్లలో చెట్టు కింద అరుగుల మీద, టీ కొట్ల దగ్గర గంటలు గంటలు ఊరికే కూర్చుంటారు. దాన్ని రచ్చబండ అంటాం, లోకజ్ఞానం అంటాం. ఎందుకు కూర్చున్నారని ఎవరూ అడగరు. సమానత్వానికి కొలబద్దలు చాలా ఉన్నాయి: జీతం, చదువు, ఆస్తి, పదవి. నాకు వాటి పక్కనే ఇంకో చిన్న కొలబద్ద పెట్టాలనిపిస్తుంది. ఒక మనిషి ఒక చోట ఊరికే ఉండటానికి ఎన్ని సంజాయిషీలు చెప్పుకోవాలి? ఆ సంఖ్య మా నాన్నకెప్పుడూ సున్నాయే. అమ్మకి, శ్రీకాకుళం ఆవిడకి, నాకు వేరువేరు. నలుగురికీ ఆ సంఖ్య సున్నా అయిన రోజున ఉచితం అన్న మాట తన రెండు అర్థాల్నీ కలుపుకుంటుంది. వెల లేనిదీ, తగినదీ ఒకటే అవుతాయి.