చూచుట యెల్ల దర్శనమగునా?

జ్ఞానేంద్రియములు అయిదింటిలో చక్షురింద్రియమునకు ఒక ప్రత్యేకత కలదు. తేజోరూపమైన ఈ ఇంద్రియము బయటికి ప్రసరించి, విషయమును చేరి గ్రహించునని నైయాయికులు నిర్ణయించిరి. అనగా చూచువాడు చూడబడు వస్తువు కడకు పోవుచున్నాడు. ఆలయమునకు పోయి స్వామిని సేవించుటకు పెద్దలు దర్శనమని పేరిడుటలోని ఔచిత్యము ఇచ్చట తెలియుచున్నది. భక్తుడు పోవలెను, నిలువవలెను, చూడవలెను, స్వామి కటాక్షమునకు పాత్రుడు కావలెను. ఇవి యన్నియు కూడిననే దర్శనము.

నేడు చూడబడు వస్తువే ఇంటిలోనికి వచ్చి కూర్చున్నది. భారతదేశమున 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో టెలివిజన్ ప్రసారములు ఆరంభమైనవి. 1975-76లో ఉపగ్రహ సహాయమున ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు అవి ప్రయోగాత్మకముగా చేరినవి. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినది. 1987 జనవరి 25వ తేదీన రామానందసాగరుని రామాయణము మొదలై, 78 భాగములుగా 1988 జూలై 31 వరకు నడచినది. ఆ వెనువెంటనే బి.ఆర్. చోప్రా మహాభారతము 94 భాగములుగా వచ్చినది. ఇట్లు రాముడును కృష్ణుడును నట్టింట కనబడుచుండగా, వారిని చూచుట భక్తియా, వినోదమా అను ప్రశ్న పుట్టుట సహజము.

పెనుకొండకును హిందూపురమునకును చేరువగా, బెంగుళూరు పోవు జాతీయ రహదారిపై సోమందేపల్లి కలదు. అచ్చటి ఒక గృహస్థుని వృత్తాంతము ఈ ప్రశ్నను విచారించుటకు మిగుల ఉపకరించును. ఆయన అరువది దాటినవాడు; నిత్యము తిరునామము ధరించువాడు; యౌవనమంతయు మగ్గపుగుంటలో కూర్చుండి పట్టుచీరలు నేసినవాడు. 1987లో ఆ వీధి కంతటికిని ఒకే యింట టీవీ ఉండెను. ఆదివారము ఉదయము మగ్గములు ఆగెడివి. జనులు తలంటుకొని వచ్చి, చెప్పులు వాకిట విడిచి, చాపలపై కూర్చుండెడివారు. ఆ యింటి ఇల్లాలు యంత్రమునకు పసుపు కుంకుమలు పెట్టి, ఊదువత్తి వెలిగించెడిది. అందు మాటలాడు హిందీ వారిలో ఒక్కరికిని రాదు. అయినను కథ తెలియని వారును ఒక్కరు లేరు. ఆ కథను వారు పుట్టినది మొదలు ఎరుగుదురు గదా!

ఆనాడు మొదలైన ఆసక్తి ఆయనకు నేటికిని తగ్గలేదు. మధ్యాహ్నము వేంకటేశ్వర భక్తి చానెలులో కల్యాణోత్సవము, సాయంకాలము ప్రవచనము, దీపము పెట్టిన పిమ్మట పురాణ ధారావాహిక, ఆపైన రెండు మూడు సంసార కథలు కూడ ఆయన దినచర్యలో చేరినవి. ఆయనకు ప్రతిదానిపైని ఒక అభిప్రాయము కలదు. పాత రామాయణము నెమ్మదిగా నడచెడిదనియు, ఆ నెమ్మదియే మనస్సు నిలుచుటకు చోటిచ్చెననియు ఆయన వాదము. క్రొత్తవారు ఒక్క మాటకు మూడు ఉరుములు మ్రోగించి, ముగ్గురి ముఖములు ముమ్మారు చూపి, కథను అడుగు వేయనీయరని ఆయన విసుగుకొనును. లక్ష్మణరేఖ వాల్మీకములో లేదని పిల్లలకు చెప్పును. కృష్ణుడనిన మాయాబజారులోని రామారావే కృష్ణుడని, ఆయనను మూడుమారులు శాసనసభకు పంపిన హిందూపురపు ప్రక్కన పుట్టినవాడు వేరుగా చెప్పజాలడు. తాను చూచునది సంసార కథ అయినప్పుడు వినోదమనియు, పురాణమైనప్పుడు శ్రవణభక్తి అనియు ఆయన నిశ్చయించుకొనెను.

ఒకనాటి రాత్రి తెరపై దశరథుని శాపకథ వచ్చుచుండెను. అంధులైన తల్లిదండ్రులు దప్పిగొని యున్నారు. నీటికై పోయిన కుమారుడు బాణము తగిలి సరయూతీరమున పడియున్నాడు. కన్నీటి ధారతో ఆయన ఉత్తరీయము తడిసినది. అదే సమయమున లోపలి గదిలో మంచముపైనున్న ఆయన తల్లి, ఎనుబదియైదేండ్ల వృద్ధురాలు, దాహమని పిలిచెను. "ఉండమ్మా, ఈ కత ఐపోనీ" అని ఆయన కన్ను త్రిప్పకయే బదులు చెప్పెను. ఆమె మరల పిలిచెను. ఆయన వినలేదు.

ఘట్టము ముగిసిన తరువాత ఏడేండ్ల మనుమరాలు ప్రక్కకు వచ్చి, ఆయన కండ్లు చూచి, "తాతా, ఆ ముసలోళ్లకు నీళ్లు అందలేదని ఏడుస్తాండావా? మన ముసలవ్వకు నేనిచ్చినాలే" అనెను. పసిబిడ్డ మాటలో ఎత్తిపొడుపు లేదు. తాతను ఓదార్చుటకే ఆమె అట్లనెను. కాని ఆ రాత్రి ఆయనకు నిద్ర రాలేదు.

ఇప్పుడు విచారింపవలసినది ఇది: ఆయన కన్నీరు అసత్యమా? కాదు. నాట్యము సర్వవర్ణముల వారికిని ధర్మమును అందించుటకు పుట్టిన పంచమవేదమని భరతముని సంప్రదాయము. సహృదయుడైన ప్రేక్షకుడు కరుణరస ఘట్టమును చూచి కన్నీరు విడుచుట నాట్యమునకు సిద్ధియే. అయితే ఆ దుఃఖము లౌకిక దుఃఖము కాదని ఆలంకారికులు వివరించిరి. అది "నాది" అనియు "పరునిది" అనియు భేదము లేక సాధారణమై, ఆస్వాదింపబడి, ఆనందముగా పరిణమించును. అందుచేతనే ఏడ్చినవాడు మరునాడు మరల ఆ నాటకమునకే పోవును. లోకమున దుఃఖితుని చూచినవాడు చేయి కదల్పవలెను. రంగస్థలమున దుఃఖితుని చూచినవాడు చేయి కదల్పనక్కరలేదు. ఇది రసమునకు గల మహిమ. ఇదియే దానికి గల అవధి.

భక్తి అట్లు కాదు. శ్రీవైష్ణవ సిద్ధాంతమున భక్తుడు కోరు ఫలము కైంకర్యము. హృదయము ద్రవించుట ఆరంభము మాత్రమే. ద్రవించిన హృదయము చేతిలోనికి దిగి సేవ కావలెను. కన్నీటి దగ్గర నిలిచిపోయినచో అది రసాస్వాదము. లేచి నీరు తెచ్చినచో అది భక్తి.

"శ్రవణము కూడ వినుటయే గదా, అందు చేయుట ఏమున్నది?" అని ఒకరు ఆక్షేపింపవచ్చును. సమాధానము మహాభారతముననే కలదు. భగవద్గీతను అర్జునుడు వినెను. సంజయుని ముఖమున ధృతరాష్ట్రుడును వినెను. అవే అధ్యాయములు, అవే వాక్యములు. అర్జునుడు మోహము వదలి, చేయవలసిన పనికి లేచెను. ధృతరాష్ట్రుడు విని, "తరువాత నేమి జరిగినది?" అని యుద్ధకథను అడుగుచు కూర్చుండెను. ధృతరాష్ట్రునకు వినుట లోపింపలేదు, శ్రద్ధయు లోపింపలేదు; విన్నదానికి తాను లోబడుట లోపించినది. తరువాతి భాగము ఎప్పుడు వచ్చునా అని ఎదురుచూచుటయే శ్రవణమైనచో, ధృతరాష్ట్రుడు శ్రోతలలో అగ్రగణ్యుడు కావలసినది.

చూపు విషయమున ఇంకొక దృష్టాంతము సుందరకాండమున కలదు. సీతను వెదకుచు హనుమంతుడు రావణుని అంతఃపురమున నిద్రించుచున్న స్త్రీలను చూడవలసివచ్చెను. ధర్మలోపము కలిగెనేమో యని ఆయన భయపడెను. పిమ్మట ఆలోచించి, ఇంద్రియములను మంచికిని చెడుకును ప్రేరేపించునది మనస్సే యనియు, తన మనస్సు చలింపలేదనియు, స్త్రీని స్త్రీల నడుమనే వెదకవలెననియు నిశ్చయించుకొనెను. ఆ చూపును పవిత్రము చేసినది అందలి దృశ్యము కాదు, వెదకుట. దీనికి విలోమముగా, దృశ్యము పవిత్రమైనంత మాత్రమున చూపు పవిత్రము కాజాలదు. రాముని చూచుచు కూడ కాలక్షేపమును వెదకువాడు కాలక్షేపమునే పొందును.

తెరపై కనబడు మూర్తికిని ఆలయములోని మూర్తికిని గల భేదమును కూడ గుర్తింపవలెను. శిల్పులు పూర్ణశిల్పమును చిత్రమనియు, గోడకు అంటిన శిల్పమును అర్ధచిత్రమనియు, వర్ణలేఖనమును చిత్రాభాసమనియు విభజించిరి. లేపాక్షి మంటపపు కప్పున గల వర్ణచిత్రములు ఈ చివరి తరగతివి. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు తెల్లని తెర వెనుక దీపముంచి, రంగుల బొమ్మలతో రామకథను ఆడించుచు తరతరములుగా జీవించుచున్నారు. టెలివిజన్ తెర ఆ తెరకు చెల్లెలు వంటిది. వీనిని చూచి నమస్కరించుట తప్పుకాదు. ఆ నమస్కారము రామునకే చేరును. కాని ఇవి అర్చామూర్తులు కావు.

అర్చావతారముననే భగవంతుని సౌలభ్యము పరాకాష్ఠ నందినదని ఆచార్యులు చెప్పిరి. సర్వేశ్వరుడు అర్చకుడు స్నానము చేయించువరకు వేచియుండును, నివేదించువరకు వేచియుండును, తలుపు తీయువరకు వేచియుండును. తెరపైని రాముడు ఎవరికొరకును వేచియుండడు. చూచువాడున్నను లేకున్నను ఆయన అడవికి పోవును, వచ్చును. ఆయన ఎవరిని గాని గ్రుక్కెడు నీరు అడుగడు. ఇక ఆ గృహమున, ఆ రాత్రి, అర్చామూర్తివలె పరాధీనయై, కుమారుడు తెచ్చు నీటికై వేచియుండిన దెవరు? తల్లిని దేవతగా భావింపుమను శ్రుతిశాసనము ఎరుగనివాడు కాడు ఆ గృహస్థుడు. చూపు మాత్రము వేరొక చోట నిలిచినది.

ఇంతమాత్రమున యంత్రము దోషి కాదు. 2020లో మహమ్మారి కారణమున మార్చి 20 మొదలు జూన్ ఆరంభము వరకు తిరుమలలో భక్తులకు దర్శనము నిలిచినది. స్వామికి ఏకాంతముగా సేవలు జరిగినవి. ఆ సంవత్సరము తిరుమల నుండి సుందరకాండ పారాయణము ప్రసారము కాగా, అసంఖ్యాకులు తమ యిండ్లలో పుస్తకము తెరచి, శ్లోకము వెంబడి శ్లోకము పలికిరి. అప్పుడు తెర ఎదుట నున్నవారు ప్రేక్షకులు కారు, పారాయణ చేయువారు. యంత్రము అదియే, కూర్చుండుటలో భేదము.

సోమందేపల్లి గృహస్థుడు టీవీని అమ్మివేయలేదు. మరునాడు దానిని తల్లి మంచమున్న గదిలోనికి మార్పించెను. ఆమెకు చూపు మందగించినది. మాటలు వినబడును గాని తెర కానరాదు. కావున అందు జరుగుచున్న దెల్ల ఆయనయే చెప్పవలసి వచ్చెను. "ఇప్పుడు భరతుడు పాదుకలు తలపై పెట్టుకొన్నాడమ్మా" అని చెప్పుచు, నడుమ నడుమ నీరు త్రాగించుచు, ఆమె కునుకు పట్టగానే కట్టివేయుచున్నాడు. కథ సగములో ఆగినను ఆయనకు ఇప్పుడు చింత లేదు. ఉరుముల చప్పుళ్లపై ఆయన అభిప్రాయములు మారలేదు. వానిని వినుటకు ఇప్పుడు ఒక శ్రోత్రి కూడ లభించినది.

చూచుట యెల్ల దర్శనము కాదు. ఏ చూపు చూచినవానిని లేపి, వేచియున్నవారి చెంతకు నడిపించునో అదియే దర్శనము. అట్టి చూపును సర్వభక్తులకును శ్రీనివాసుడు అనుగ్రహించు గాక!