త్రాటికి రెండవ కొన

మోర్తాడ్ ప్రాంతమున పసుపు పండించు రైతు నెరిగిన సత్యమొకటి కుక్కను పెంచు గృహస్థునకు తెలియకున్నది. దుంపకై మొక్కను పట్టి లాగినవాని చేతికి ఎండుటాకే వచ్చును. మన్నును వదులుచేసి త్రవ్వినవానికి కొమ్ము విరుగక దక్కును. ఎనిమిది తొమ్మిది నెలల పంటయెడ చూపెడి యీ యోర్పును, కుక్కను వీథికి తీసికొనిపోవునపు డేల మరతుము?

కుక్క ముందునకు లాగును. మనము వెనుకకు గుంజుదుము. అది మరింత లాగును. అంతట దానిని మొండిదని నిందింతుము. కాని విచారించి చూడుడు. అది లాగినప్పుడెల్ల మనము దాని వెంట నాలుగడుగులు వేయుచునే యున్నాము. లాగినచో దారి దొరకునని దానికి నేర్పినవారము మనమే. అమెరికా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడగు తార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో నుంచి పరీక్షించి, తృప్తి నొసగిన చేష్టనే ప్రాణి మరల మరల చేయునని 1898లో ప్రకటించెను.

కావున మార్పు మన చేతినుండి మొదలు కావలెను. త్రాడు బిగిసినంతనే నిలిచిపోవలెను; గుంజరాదు, కసరరాదు. త్రాడు వదులైన తోడనే నడక సాగింపవలెను. ప్రక్కన నడచునపుడు ఒక మెప్పుమాటయో చిన్న తినుబండారమో యీయవలెను. ఇంటివారందరును ఈ నియమమునే పాటింపవలెను. తండ్రి నిలిచి, కుమారుడు దాని వెంట పరుగెత్తినచో, ఒక్కొక్కప్పుడు లాగుట ఫలించునను ఆశయే దానికి మిగులును.

ముండ్ల పట్టెడ వేసిన ఒక్కనాటిలో మానదా యని కొందరందురు. మానవచ్చును. అయినను ఆ కుక్క నేర్చినది నడక కాదు, భయము. ఎదుట బాలుడు కనబడినపుడెల్ల మెడ నొచ్చినచో, ఆ నొప్పికి బాలుడే కారణమని అది తలపవచ్చును. మరియు దినమంతయు కట్టివేయబడిన ప్రాణి వీథిలోనికి వచ్చినంతనే లాగుట వింతయా? మిక్కిలి పొట్టిదో బరువైనదో యగు గొలుసుతో పశువును అధికకాలము కట్టియుంచుటను, నిత్యము కట్టియుంచు కుక్కకు తగిన వ్యాయామము లేకుండ జేయుటను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నేరములుగా నెంచినది. కుక్క తప్పని మన మనుకొనునది పెక్కుమారులు మన తప్పునకు ఫలము.

మోటారులు తిరుగు నేటి వీథులలో త్రాడు అవసరమే. దానిని వలదని మేము చెప్పుటలేదు. అయితే భారతమున మహాప్రస్థానమందు ధర్మరాజు వెంట నడచిన కుక్కను త్రాడు నడిపింపలేదు. స్వర్గద్వారమున పరీక్షింపబడినది కుక్క కాదు, దానిని విడువనొల్లని మనుజుడు. బలవంతుడు తనకంటె బలహీనమగు ప్రాణిని ఎట్లు నడిపించునను దానినిబట్టియే వాని ధర్మము తెలియును. బిడ్డలకు బుద్ధి చెప్పునపుడును, పనివారి నాజ్ఞాపించునపుడును మన చేతిలో నుండునది ఆ త్రాడే. అది బిగిసినపుడు, మొదట మన చేతిని చూచుకొందము.