అద్దెయిల్లు - ఆశ్రయధర్మము

తక్కిన మూడాశ్రమములకును గృహస్థాశ్రమమే ఆధారమని పెద్దలు చెప్పుదురు. గృహస్థుని గొప్పతనము అతని ఇంటి గోడలలో లేదు. ఆ గోడల మధ్య మరియొకరికి నీడ దొరకుటలో ఉన్నది. అద్దె పుచ్చుకొని ఇచ్చినంత మాత్రమున ఆ నీడ నీడ కాకపోదు. అయితే తలుపు తట్టిన క్రొత్తవానిని ఎంతవరకు పరీక్షింపవచ్చును? విజయవాడలో అద్దెకిచ్చుటకు వాటా ఉన్న ప్రతి గృహస్థునకును నేడు ఎదురగుచున్న ధర్మసందేహమిది.

పూర్వము సత్యనారాయణపురములోనో, గాంధీనగరములోనో వాటా ఖాళీ అయినచో టులెట్ బోర్డు కట్టెడివారు. ఏ ఊరు, ఏమి ఉద్యోగము, ఎందరు మనుష్యులు అని అడిగెడివారు. గుడివాడనుండియో, దివిసీమనుండియో వచ్చినవారైనచో ఆ ప్రాంతపు బంధువు నొకని విచారించెడివారు. అంతటితో సరి. నేడట్లు కాదు. న్యాయస్థానములలోని వ్యాజ్యములను కక్షిదారు పేరునుబట్టి ఎవరైనను సెల్‌ఫోనులోనే వెదకవచ్చును. రుసుము పుచ్చుకొని పరుల పూర్వాపరములను కూపీ తీయు ప్రైవేటు డిటెక్టివులును ఉన్నారు. వారిని నియంత్రించుటకై 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టము కాలేదు.

విచారించుట తప్పా? కాదు. పంచవటికి యతివేషమున వచ్చినవానిని సీతమ్మ అతిథిగా ఆదరించినది, వచ్చినవాడు రావణుడు. వేషమును నమ్మి ఏమరియుండుట ధర్మము కానేరదు. ఇంటిలో ఆడపిల్లలుందురు, వృద్ధులుందురు. ఆ ఇల్లే కొందరికి జీవితకాలపు కష్టార్జితము. వచ్చినవారి గుర్తింపు తెలిసికొనుట, మునుపటి ఇంటివారిని ఒక మాట అడుగుట గృహస్థునకు విహితమే.

మరి హద్దు ఎక్కడ? శ్రీమద్రామాయణము యుద్ధకాండమున విభీషణుడు శరణు కోరి వచ్చిన ఘట్టమును స్మరింపుడు. వీడు శత్రువు తమ్ముడు, నమ్మరాదని సుగ్రీవుడు వారించినాడు. గుణదోషములు తెలిసికొని గ్రహింపుడని అంగదుడు, చారుని పంపి పరీక్షింపుడని శరభుడు, మెల్లగా ప్రశ్నింపుడని మైందుడు చెప్పిరి. అప్పుడు హనుమంతుడు పలికిన మాటలు మనకు శిరోధార్యములు. ఎదుటికి వచ్చి నేనిట్టివాడనని చెప్పుకొన్నవానిపై చారుని పంపుటలో ప్రయోజనము లేదు. ఉన్నట్టుండి నిలదీసినచో మంచిమనసుతో వచ్చినవాడును శంకించి దూరమగును. అతని మాటలో, ముఖములో దుష్టభావము కానరాదు - అని ఆయన అభిప్రాయము. హనుమంతుడు పరీక్ష వలదనలేదు. తానే పరీక్షించినాడు, కాని చాటుగా కాక, ఎదుట నిలిచినవానిని చూచి పరీక్షించినాడు. సర్వభూతములకు అభయమిచ్చుట రామునికే చెల్లును. ఆయన చేత కోదండమున్నది, మన చేత తాళపుచెవి మాత్రమున్నది. హనుమంతుని వివేకమైనను మనము అలవరచుకొనరాదా?

ఈ మాట వ్రాయుటకు నాకొక కారణము కలదు. కొన్నేండ్ల క్రిందట ఒక తల్లి చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని మా క్రింది వాటా కొరకు వచ్చినది. నేను చాటుగా విచారింపగా, ఆమె పేర కోర్టులో కేసు కలదని ఒకరు చెప్పిరి. కారణము చెప్పకయే లేదు పొమ్మంటిని. ఆ కేసు, తనను విడిచిపెట్టిన భర్తనుండి మనోవర్తి కోరుచు ఆమె వేసినదేయని తరువాత తెలిసినది. అన్యాయమునకు గురియై న్యాయము నడిగినదే ఆమె దోషమైనది. ఎదుట కూర్చుండబెట్టి ఒక్క మాట అడిగియుంటినా, ఆమెయే చెప్పియుండును. ఆమెకు నేను క్షమాపణ చెప్పుకొనలేకపోతిని. ఆమె ఎచట నున్నదో నాకు తెలియదు.

కాగితము వ్యాజ్యమున్నదని చెప్పును. ధర్మమెవరి పక్షమున నున్నదో చెప్పదు. పైగా ఇంటిపేరును, పేరును ఒక్కటైనవారు ఈ డెల్టాలో ఎందరు లేరు! ఒకని తప్పు వేరొకని తలకు చుట్టుకొనవచ్చును. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. న్యాయస్థానము చెప్పకమునుపే మన మనస్సాక్షి చెప్పవలసిన మాట అది.

కనుక మూడు నియమములు పాటింతము. అడుగదలచినది ఎదుటనే అడుగవలెను. ఇంటి క్షేమమునకు కావలసినంతవరకే అడుగవలెను. క్షేమమను పేర కులమును, మతమును, ఒంటరి స్త్రీ కష్టమును తవ్వరాదు. విన్న అపవాదునకు సమాధానము చెప్పుకొను అవకాశము వచ్చినవారికి ఈయవలెను. అద్దెకు వచ్చినవాడు మన పూర్వాపరములను ఇట్లే కూపీ తీసినచో మనము సహింతుమా యని యోచించినచో ఈ మూడును తామే తోచును.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతము మునిగినప్పుడు క్రింది ఇండ్లవారు పై అంతస్తులకు చేరి ప్రాణములు దక్కించుకొనిరి. నీటిలో తడిసి మెట్లెక్కి వచ్చినవాని చరిత్ర నడుగుటకు అప్పుడు ఎవరికి మనసొప్పును? వరద తీసినది. ఆ మనసు మాత్రము మనలో నిలుచునట్లు దుర్గమ్మ తల్లి అనుగ్రహించుగాక!